గెలిచేదాకా కత్తెర లేదు

ఒట్టు పెట్టేవాళ్లు హాయిగా పెడతారు మాస్టారూ, పస్తులుండేది నేను! మీ కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ గెలిచేదాకా కత్తెర ముట్టకూడదని కుర్రాళ్లందరి చేతా ఒట్టేయించి మీరూ వేసుకున్నారే, గ్రౌండు ఎదురుగా సెలూన్ పెట్టుకుని ఒకడు ఏడుస్తున్నాడని గుర్తొచ్చిందా? సీజనంతా వాళ్లు ఓడారు. సీజనంతా ఈ కుర్చీ ఖాళీ.

తల వెనక్కి వాల్చండి. ఆఁ, అలాగ. నోరు మెదపకండి, సబ్బు లోపలికి పోతుంది. మాట్లాడటానికి నేనున్నానుగా.

అబ్బబ్బ, ఏం గడ్డమండీ ఇది! పిచ్చుక గూడు పెట్టినా ఎవరికీ తెలీదు. మొన్న కూరగాయల కొట్టు దగ్గర మీ ఆవిడగారు కనిపించారు. "ఇంట్లో ఎవరో సన్యాసి దిగాడన్నయ్యా, తిండి మాత్రం మా ఆయనలాగే తింటున్నాడు" అన్నారు.

ప్రిన్సిపాల్ గారేం తక్కువ తిన్నారా? ఆఖరి మ్యాచ్ కూడా ఓడితే టీమ్ ఎత్తేస్తానన్నారు. ఆయన చూడ్డానికొచ్చింది కూడా ఆ ఒక్క మ్యాచే. బతికుండగా పలకరించనివాడు పాడె మోయడానికి ముందు నిలబడ్డట్టు!

నిన్న నేనూ వచ్చాను లెండి, షాపు మూసేసి. తెరిస్తే ఏం, మూస్తే ఏం? గోల్ వెనకే నిలబడ్డాను. మీ గోల్‌కీపర్‌ని అందరూ 'గోడ' అంటారా? ఆ గోడకి కిటికీలెక్కువని సీజనంతా నేనే నవ్వాను. కానీ నిన్న! నిన్న వాడు నిజంగా గోడే మాస్టారూ. ఎటు కొట్టినా వాడే. ఆట అయిపోవచ్చింది, ఇటూ అటూ ఒక్క గోల్ లేదు. ఓడకపోతే చాలు, టీమ్ నిలబడుతుంది.

అప్పుడొచ్చింది ఆ బంతి. పైనుంచి, నెమ్మదిగా. మా అత్తగారైనా పట్టేసేది. వాడు తలెత్తాడు. జుట్టు కళ్ల మీద పడింది. చేత్తో పక్కకి తోసుకున్నాడు.

అంతే.

ముందు రోజే బతిమాలాను వాణ్ణి. ముందర కాస్త కత్తిరిస్తానురా, మీ మాస్టారికేం తెలుస్తుంది అని. "ఒట్టు కదా బాబాయ్" అన్నాడు. గెలవాలని వేయించిన ఒట్టే వాడి కళ్లకి అడ్డం పడింది...

కదలకండి! కత్తి గొంతు మీదుంది.

ఈ చెంప తిప్పండి. ఇవాళ ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాలా? బంతులూ తాళాలూ అప్పగించడానికా? అందుకా ఈ గడ్డం తీయించుకోవడం! మంచిదే. పోయేటప్పుడైనా శుభ్రంగా కనపడాలి.

అయిపోయింది. చూసుకోండి. ఏంటలా అద్దంలోకి చూస్తారు, మీరే లెండి.

పొద్దున మీకంటే ముందు వాడొచ్చాడు మాస్టారూ. గోడ. రాత్రంతా ఏడ్చిన మొహం. ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. ఇక కత్తిరించుకోవడానికే వచ్చాడనుకుని కత్తెర తీశాను. నా చెయ్యి పట్టేసుకున్నాడు. "ఇంకా గెలవలేదు కదా బాబాయ్. మాస్టారు తీసేదాకా నేనూ తీయను" అన్నాడు. టీమే లేదు కదరా పిచ్చోడా అన్నాను.

"మాస్టారున్నారుగా" అన్నాడు.

అలా చూడకండి. ముందే చెప్పొచ్చు కదా అంటారు, అంతే కదా? చెబితే మీరు గడ్డం తీయించుకునేవారా? లేచి వెళ్లిపోయేవారు. ఎన్నాళ్లకో ఈ కుర్చీలో ఓ మనిషి గడ్డం చేయించుకోవడానికి కూర్చున్నాడు. నా నోరు ఎప్పుడూ ఆగదు, ఇవాళ ఆ ఒక్క మాట దగ్గరే ఆగింది. ఏం చేయమంటారు?

ఇదిగో తువ్వాలు, తుడుచుకోండి. పెరటి గుమ్మం గుండా వెళ్లండి మాస్టారూ. వాడు ఎదురుగా బస్టాపులోనే కూర్చున్నాడు.