వెనక సీట్లో చలి

కనుమ దారి మొదలయ్యే చోట కార్ల రిపేరు షెడ్డుకూ టీకొట్టుకూ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడకు ఇటువైపు, టీకొట్టు బెంచీ మీద కూర్చున్న బాలింత మాటిమాటికీ దుప్పట్లోకి వేలు పెట్టి పాప ముక్కు కొస తాకి చూసుకుంటోంది. వెచ్చగా తగిలితే మనసు కుదుటపడుతుంది. కాసేపటికి మళ్లీ అనుమానం వస్తుంది.

పొద్దుటి నుంచీ ఇదే భయం. కారులో హీటరు ఎంత తిప్పినా జబ్బుమనిషి ఊపిరిలా సన్నటి గాలి, వెచ్చనా కాదు చల్లనా కాదు. ఇక్కడికి చేరేసరికి పాప అరికాళ్లు గులకరాళ్లలా చల్లబడిపోయాయి. పిల్ల ఏడవను కూడా ఏడవలేదు. గుక్కపట్టి ఏడ్చినా బాగుండేది, ఆ ఊరుకోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఇంకా కనుమ ఎక్కనే లేదు. పైన మంచు కురుస్తోందని ఎవరూ చెప్పక్కర్లేదు, దిగివస్తున్న ప్రతి లారీ నెత్తినా మూరెడు మంచు కనబడుతూనే ఉంది. భర్త సెలవు ఈరోజుతో సరి. రేపు పొద్దున కలప మిల్లులో కనబడకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. ఆగుదామని ఆమె అనలేదు, అతను అడగనూ లేదు.

ఇందాక ఆమె చూస్తుండగానే షెడ్డు మెకానిక్ కారు ముందు చక్రాలను రాతి గట్టు మీదికి ఎక్కించి, రేడియేటర్ మూత తీసి, ఇంజనును చల్లబరిచే కూలెంట్ పోసి, బుడబుడమని బుడగలు వచ్చేదాకా చూసి చేతులు తుడుచుకున్నాడు. ఇంజను అలా తిరగనివ్వండి, హీటరు పూర్తిగా పెట్టే ఉంచండి, ఒక టీ తాగేలోపు గొట్టాల్లో ఇరుక్కున్న మిగతా గాలి కూడా పోతుందన్నాడు. అని తనూ వచ్చి పొయ్యికి దగ్గరగా, అందరికీ ఎదురుగా కూర్చున్నాడు. కోతల బాబాయ్ అని అందరూ పిలిచేది ఆయన్నే. ఆయన కూర్చున్న తీరు చూసే టీకొట్టు అక్క ఇంకో గిన్నె నీళ్లు పొయ్యి మీద పెట్టింది. ఇది ఒక్క టీతో అయ్యే పని కాదని ఆమెకు తెలుసు.

"ఇదీ ఒక చలేనా?" అన్నాడు బాబాయ్, భర్త వైపు తిరిగి. కొత్త చెవులు దొరికాయి కదా. "చలంటే ఆ ఏడు చూడాలి. నేనొక్కణ్ణే పాత కారేసుకుని ఈ కనుమే ఎక్కుతున్నాను, ఒళ్లో ఒక స్పానరు తప్ప ఇంకేం లేదు, హీటరు చూస్తే అచ్చం మీదానిలాగే, నూతిలోంచి పిలిచినట్టు ఎక్కడో వేడి. సరేనని ఓ మలుపులో ఆపి బానెట్ ఎత్తాను. ఇంజను వెనక, అద్దం కింద రేకు గోడలోకి రెండు రబ్బరు గొట్టాలు దూరతాయి చూడు, ఒకటి వేడినీళ్లు లోపలికి తీసుకుపోయేది, ఇంకోటి బయటికి తెచ్చేది. రెండూ పట్టుకుని చూశాను. ఒకటి కాలుతూ, ఒకటి చల్లగా ఉందనుకో, లోపలున్న చిన్న రేడియేటర్ మురికి పట్టి పూడుకుపోయినట్టే, అది మామూలు జబ్బు, ఎవడైనా కడిగేస్తాడు. నాకు రెండూ గోరువెచ్చగా తగిలాయి. అంటే గాలి. లోపల గాలి బుడగ ఇరుక్కుంది. ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నువ్వు చెబుతూనే ఉన్నావుగా ఏటేటా," అన్నాడు మూల కూర్చున్న లారీ తాత.

బాబాయ్ ఆ మాట విననట్టే గొంతు తగ్గించాడు.

"వెనక్కి తిరిగి చూద్దును కదా, కారు వెనక తలుపు తెరిచి ఉంది. నేను తెరవలేదు. లోపల సీట్లో చలి కూర్చుని ఉంది."

భర్త టీ గ్లాసు పెదాల దాకా తెచ్చి ఆగిపోయాడు. చలి ఎలా కూర్చుంటుందని అడిగాడు, నమ్మేసిన గొంతుతో.

"మనిషి కూర్చున్నట్టే. కంటికేం కనబడదు, సీటు మాత్రం ఇంత లోతున నొక్కుకుపోయి ఉంది. అది ఊపిరి వదిలితే అద్దాలన్నీ లోపలి నుంచి తెల్లబడ్డాయి. పారిపోదామంటే నా నీడ మంచుకు అంటుకుపోయింది, స్పానరుతో ఊడదీసుకుని భుజాన వేసుకున్నాను, అబద్ధమైతే అడగండి..."

"ఎవర్ని, నీడనా?" అంది అక్క. రెండు నవ్వులు వినబడ్డాయి.

బాలింత నవ్వలేదు. బయట సన్నగా మంచు పడడం మొదలైంది, కిటికీ అవతల తమ కారు బూడిదరంగు దుప్పటి కప్పుకున్నట్టు కనబడుతోంది. పాపను పెట్టుకుని తను కూర్చోవలసింది ఆ వెనక సీట్లోనే. ఇదంతా కోతలని ఆమె బుద్ధికి తెలుస్తూనే ఉంది. కానీ భయానికి బుద్ధితో పనేముంది? ఆమె కళ్లకు ఆ సీటు మెల్లగా నొక్కుకుపోతున్నట్టే ఉంది.

అవతల కథలో బాబాయ్ కారు ముక్కును ఆకాశం వైపు ఎత్తిపెట్టి మూత తీసేశాడు. మొదట గోలీకాయంత బుడగ వచ్చిందట, తర్వాత గుమ్మడికాయంత, ఆ తర్వాత ఇల్లంత బుడగ వచ్చి కారునే పైకి ఎత్తేసిందట. కింద ఊళ్ల దీపాలు ఆవగింజల్లా కనబడ్డాయట. సీట్లో కూర్చున్న ఆ చలికి కళ్లు తిరిగి, దించమని వెనక నుంచి ఈయన మెడ పట్టుకుందట. ఈయన స్క్రూడ్రైవరుతో బుడగను ఒక్క పోటు పొడిచాడట.

"ఇక చూడు వేడి. హీటరులోంచి ఎండాకాలం ఎండాకాలమే బయటికొచ్చింది. కనుమ మీది మంచంతా కరిగి వాగై పారింది, చెట్లు చిగిర్చాయి, ఎలుగుబంట్లు ఆవులించుకుంటూ లేచొచ్చి కారు చుట్టూ కూర్చుని ఆవిరి పట్టుకున్నాయి. కానీ ఆ చలి చచ్చిందనుకున్నారా? ఊహూఁ. ఇప్పటికీ ఆ మలుపులోనే కాచుకుని ఉంటుంది. ఎక్కిన ప్రతి కారులోకీ తొంగి చూస్తుంది. దానికి మనలాంటి ముదురు ఊపిరి అక్కర్లేదు. లేత ఊపిరి కావాలి."

"పచ్చి బాలింత ముందా ఆ మాటలు," అంది అక్క, చెంచా ఠక్కున పెట్టి.

బాలింత అప్పటికే లేచి నిలబడింది. పాపను భర్త చేతుల్లో పెట్టింది. అతను ఎక్కడికన్నాడు. ఆమె బయటికి నడిచింది.

ఆమెను లేపింది ఆ చలి దయ్యం కాదు, అంతకుముందు విన్న మాట. రెండు గొట్టాలూ పట్టుకుని చూశానన్నాడు కథలో. షెడ్డులో ఆయన పని చేస్తున్నంతసేపూ ఆమె పక్కనే నిలబడి ఉంది. కారును గట్టు మీదికి ఎక్కించాడు, మూత తీశాడు, కూలెంట్ పోశాడు. గొట్టాల మీద చెయ్యి వెయ్యనే లేదు.

బానెట్ ఎత్తే ఉంది. ఇంజను గురగురమంటోంది. తిరిగే ఫ్యానుకు కొంగు తగలకుండా నడుముకు చుట్టుకుని, అద్దం వైపు నుంచి వంగి, అద్దం కింద గోడ దగ్గర వెతికింది. రెండు గొట్టాలు. కుడిచెయ్యి ఒకదాని మీద వేసి చటుక్కున లాక్కుంది. ఎడమచెయ్యి రెండోదాని మీద వేసింది. వేసి అలాగే ఉంచింది. పాప అరికాళ్లను పట్టుకున్నట్టే ఉంది.

లోపలికి వచ్చేసరికి బాబాయ్ కథలో ఎలుగుబంట్లు డ్యాన్సు చేస్తున్నాయి. ఆమె కుడి అరచెయ్యి భర్త చెంపకు ఆనించింది. తర్వాత ఎడమది ఆనించింది. అతను ఉలిక్కిపడ్డాడు.

"బాబాయ్ గారూ, మీ కారులో రెండూ గోరువెచ్చగా ఉన్నాయన్నారు. మా కారులో ఒకటి కాలుతోంది, ఒకటి చల్లగా ఉంది. మీరు మామూలు జబ్బన్నారే, అది."

కారు కదిలితే అదే సర్దుకుంటుందమ్మా, అన్నాడు బాబాయ్, ఆమె వైపు చూడకుండా.

"అయితే మీరూ రండి," అంది ఆమె. "పాపను ఎత్తుకుని వెనక సీట్లో మీరు కూర్చోండి. కనుమ దాటాక దిగుదురు గాని."

బాబాయ్ కిటికీలోంచి కనుమ వైపు చూశాడు. పైకి పోయే దారి రెండో మలుపు దగ్గరే తెల్లగా మాయమైపోతోంది. దుప్పట్లోంచి కనబడుతున్న గుప్పెడంత మొహాన్ని చూశాడు.

"ఆయనకొచ్చిన కథ ఒక్కటేనమ్మా, గాలి బుడగ," అంది అక్క నెమ్మదిగా. "అందుకే ఇక్కడికొచ్చిన ప్రతి కారుకూ గాలి బుడగే."

బాబాయ్ సగం టీ అలాగే వదిలేసి వెళ్లి ఇంజను ఆపాడు. అది చల్లారేదాకా బానెట్ పక్కనే నిలబడ్డాడు. చల్లారాక రెండు గొట్టాలూ ఊడదీసి, నీళ్ల పైపు తెచ్చి, చల్లగా ఉన్న వైపు నుంచి వెనక్కి నీళ్లు కొట్టడం మొదలుపెట్టాడు. లారీ తాత వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మరి ఎలుగుబంట్లు ఆవిరి పట్టుకున్నాయి కదా, ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు తాత.

"ముందు ఆ గొట్టం పట్టుకో," అన్నాడు బాబాయ్, బానెట్ లోంచి తల ఎత్తకుండా.

గొట్టంలోంచి తుప్పు నీళ్లు బురదలా దూకాయి, ఒక ముద్ద పడింది, తర్వాత ఇంకోటి, చివరికి నీళ్లు తేటబడ్డాయి. గొట్టాలు బిగించి, కూలెంట్ పోసి, ఇంజను మళ్లీ తిప్పి గాలి పోనిచ్చాడు. బాలింత వచ్చి రెండు గొట్టాలూ తాకి చూసింది. రెండు చేతులూ చటుక్కున లాక్కుంది.

ఆమె వెనక సీట్లో కూర్చోగానే ముందు నుంచి వేడిగాలి గుప్పున వచ్చి పాప మొహాన తగిలింది. పాప మొహం చిట్లించి, గుక్కతిప్పుకోకుండా ఏడుపు లంకించుకుంది. ఏమైందేమైందని భర్త కంగారుపడ్డాడు. బాలింత కళ్ల నీళ్లతో, ఏడవనీ, ఏడవనీ అంది.

కారు కదలబోతుంటే ఆగమంది. పక్కనున్న ఖాళీ సీటు వైపు చూసి, కాళ్ల దగ్గరున్న బట్టల సంచి ఎత్తి దాని మీద అడ్డంగా పెట్టింది, ఇంకెవరికీ చోటు మిగలకుండా.