తిరుగు ప్రయాణానికి గుర్రం

జపాన్‌లో బొన్ పండగ చివరి సాయంత్రం. ఇంటికి వచ్చిన పెద్దల ఆత్మల్ని సాగనంపడానికి ఫుమియె కీరదోసకాయకు పుల్లల కాళ్ళు గుచ్చి గుర్రం చేస్తుంటే, పూజాపీఠం మీద నుంచి చనిపోయిన భర్త గొంతు వినిపించింది. ఏటా ఈ పండగ రోజుల్లో ఆమెకు వినిపిస్తూనే ఉంటుంది.

"ఏమే, మళ్ళీ గుర్రమా? వచ్చేటప్పుడు దోసకాయ గుర్రం, వెళ్ళేటప్పుడు వంకాయ ఎద్దు కదా! వంకాయలు దొరకలేదా?"

"దొరికాయి. మిసో ముద్ద రాసి కాల్చాను. మీ ముందే ఉన్నాయి, తినండి."

"ఎద్దు మీదైతే వెనక్కి తిరిగి నిన్ను చూసుకుంటూ నెమ్మదిగా పోతాను. గుర్రమెక్కించి తరుముతున్నావంటే ఏదో ఉంది. ఆ టోఫు కొట్టువాడు ఇంకా నీకేసి చూస్తున్నాడా?"

"ఆయనకిప్పుడు చూపే ఆనదు. మన కోడలికి నెలలు నిండుతున్నాయండీ. మీరు తొందరగా వెళ్తే..."

"వెళ్తే?"

"తొందరగా పుడతారు. ఈ ఇంట్లోనే."

"ఓసి నీ తెలివి! మళ్ళీ పుట్టేవాళ్ళమైతే ఏటా పండక్కి ఎలా వస్తామే?"

"అదే గుడి గురువుగారిని అడిగాను. ఇంకో కప్పు టీ తాగి, వానొచ్చేలా ఉందని వెళ్ళిపోయారు."

"అయితే నిన్ను నానమ్మా అని పిలవాలా?"

"పిలవండి. ఈసారైనా నేను చెప్పింది వింటారు."

"నువ్వెవరో నాకు గుర్తుండదు, ఫుమియె. వచ్చే పండక్కి ఈ గొంతూ ఉండదు. ఆలోచించుకున్నావా?"

ఆమె చేతిలో పుల్ల ఆగింది.

"ఆలోచించానండీ. ఇన్నేళ్ళూ మాటలే కదా. ఒక్కసారి ఎత్తుకోవాలని ఉంది."



"అయితే ఆ వెనక కాలు గట్టిగా గుచ్చు," అన్నాడాయన. "దారిలో కూలబడితే పురుడు దాటిపోతుంది."