ఇరవై సెకన్ల గడువు

రాజోలు దగ్గర రొయ్యల చెరువు గట్టు. యజమాని బంగారరాజు, కాపలా ఉండే నూకాలమ్మ. ఆమె ఫోన్ స్పీకరులో అమలాపురం నుంచి ప్రోగ్రామరు కరుణ.

“కరుణమ్మా, చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఫ్యాన్లు మళ్ళీ ఆగిపోయేయి. ఇది నాలుగోసారి.”

“రొయ్యలు పైకి తేలిపోతన్నాయండి బాబుగారూ.”

“చూస్తున్నాను నూకాలమ్మా. ఇది గట్టవతల చెరువు పోలిరాజు పనే. ఎస్సైగారికి చెప్పేశాను, బయల్దేరేరు.”

“ఆయన కాదండి రాజుగారూ. సెట్టింగండి.”

“సెట్టింగుకి నా మీద పగేంటమ్మా?”

“‘ఫ్యాన్ల బటన్ నొక్కు’ అన్న పని సర్వర్లో వరసలో ఉంటుందండి. ఒక ప్రోగ్రాము తొంగిచూసి తీసుకుంటుంది. గడువులోగా ‘అయింది’ అనకపోతే, అది చచ్చిపోయిందనుకుని సర్వరు అదే పని ఇంకోదానికి ఇచ్చేస్తుంది.”

“మంచిదేగా?”

“ఫ్యాన్లు వేగం అందుకుని ‘అయింది’ అనడానికి నలభై సెకన్లండి. గడువేమో ఇరవై. ఈలోగా రెండోది వచ్చి అదే బటన్ మళ్ళీ నొక్కుతుంది.”

“మళ్ళీ నొక్కితే ఆగిపోద్ది గదండీ?”

“ఆయ్. అదేనండి నూకాలమ్మగారూ.”

“ఇరవై ఎవరు పెట్టమన్నారు నిన్ను?”

“నేను రెండు నిమిషాలు పెట్టేనండి. నిన్న తగ్గించేరు.”

“ఎవరు?”

“అది తరవాత మాట్లాడుకుందామండి. ముందు...”

“పేరు చెప్పు.”

“పెద్దవారండి. నిన్న ఈ ఫ్యాన్ల ప్రారంభానికొచ్చిన అతిథుల ముందు అవి ఆలస్యంగా తిరిగేయని చిన్నతనం అనిపించి, గడువు తగ్గిస్తే తొందరగా తిరుగుతాయనుకున్నారేమోనండి.”

“వాడికి బుర్రుందా?”

“నేనేం చెప్పనండి. చేత్తో వేసే స్విచ్చయినా ఉంటే నూకాలమ్మగారు వేసేసేవారు.”

“అది పాతకాలపుదని నేనే పీకించేశాను.”

“ఆయ్.”

“ఆయ్ కాదమ్మా. పేరు.”

“గడువు పెంచుతున్నానండి. ఒప్పుకోమని ఓటీపీ వెళ్తుంది. ఆ అంకెలు చెబితేనే మారుతుంది.”

“ఎవరికెళ్తుంది?”

“నిన్న మార్చినవారి ఫోనుకేనండి.”

“దొరికేడు. నూకాలమ్మా, పోలిరాజు మీదే కన్నేసి ఉంచు.”

“ఉంచేనండి. పళ్ళు తోముకుంటన్నారు.”

“ఫోనుందా చేతిలో?”

“వేపపుల్ల ఉందండి.”

“పంపించేనండి రాజుగారూ.”

“మోగిందా నూకాలమ్మా?”

“మోగిందండి.”

“ఎవరిది? గట్టిగా చెప్పు, సాక్ష్యం నువ్వే.”

“నేను చెప్పకూడదేమోనండి.”

“భయపడకు. నేనున్నాను. చెప్పు.”

“బంగారరాజుగారిదండి. మీ చొక్కా జేబులోదే. ఆ అంకెలు చదివేయండి బాబుగారూ, రొయ్యలు ఎస్సైగారొచ్చేదాకా ఆగవు.”