నారాయణప్ప ఉడకబెట్టిన థర్మోస్టాట్

ఏమప్పా భరత్, బండి మళ్లీ కాగిందా? థర్మోస్టాట్ పీకి పారేయమన్నాడా మెకానిక్కు? అందరూ అదే చెప్తారులే. మా నారాయణప్ప ఉండింటే వాణ్ణి షెడ్డు గడప తొక్కనిచ్చేటోడు కాదు. నీకు తెలీదు, నువ్వు పుట్టకముందే పోయినాడు. బొమ్మనహళ్ళిలో ఆయన షెడ్డు, ముందర కరివేపాకు చెట్టు. ఆయన పెండ్లాం శశికళక్క ఆ చెట్టు రెబ్బ ఎవురికీ ఇచ్చేది కాదు, అది వేరే కథ. నేనప్పుడు గార్మెంట్స్ కంపెనీ వ్యాను తోలుతాంటి. డీజిల్ బండి. సిల్కుబోర్డు చేరేలోపల వేడి చూపే ముల్లు ఎర్రగీత తాకేది. ఓనరు దేవరాజ్ ఒకటే అరుపు, "నీరు హాకిల్వేనో? నీళ్లు పోయకుండా తోలి ఇంజను కాల్చినావు, రేపట్నుంచి రావద్దు" అని. పొద్దున్నే పోసినానంటే వినడే! ఇంట్లో మీ అవ్వకు నెలలు నిండుతాండె.

బండి నారాయణప్ప దగ్గరికి పోయింది. ఆయన ఏమీ విప్పలా. ఇంజను నడిపి, కాగనిచ్చి, రేడియేటర్‌కు పైన ఉండే పైపు మీద చెయ్యి పెట్టినాడు. "రాండి సార్, మీరూ తాకండి" అన్నాడు దేవరాజ్‌ను. ఇంజను కుతకుతమంటాంది, పైపు చల్లగా ఉండాది! "నీళ్లు ఉండాయి సార్, పోయే దారే లేదు. నడుమ తలుపు తెరుచుకోలా." బండి ఆరినాక ఆ తలుపును, అదే థర్మోస్టాట్‌ను, ఊడదీసి శశికళక్క టీ గిన్నెలో నీళ్లు పోసి స్టవ్వు మీద పెట్టినాడు. పక్కనే బాగుండేది ఇంకోటి. అక్క లోపల్నుంచి, "ఇంగ ఆ గిన్నెలో టీ నువ్వే తాగు!" అని. నీళ్లు తెర్లేలోపల బాగుండేది నోరు తెరిచింది. మాది మూసుకొనే ఉండాది.

దేవరాజ్ మెత్తబడి, "పాతదా ఇది?" అన్నాడు. అవునంటే సరిపోయేది కదప్పా, ఎవురికి తెలుసు? నారాయణప్ప స్టవ్వు ఆర్పినాడు. "లేదు సార్. రెండు నెల్ల కిందట నేనే వేసినా. కొత్తది కదా అని ఉడకబెట్టి చూడలా. తప్పు నాది, ఈయప్పది కాదు."

నా పని నిలబడింది. కంపెనీ బండ్లు నాలుగూ మళ్లీ ఆ షెడ్డు తొక్కలా. ఆ బాగుండేదాన్ని బిగించి ఆయన తాళాలిస్తే, నేను ఒక మాటైనా అనకుండా వ్యాను ఎక్కి వచ్చేస్తి. అప్పట్నుంచి ఉడకబెట్టకుండా ఒక్కటీ వేయలేదంట. అంట అంటాండా, ఎందుకంటే నేనూ మళ్లీ పోలేదప్పా. ఓనరు చూస్తాడని.

సరే, నేను తెమ్మన్న కొత్తది తెచ్చినావా? ఇట్లియ్యి. పైనుండే టీ గిన్నె దించు.