జిలానీ బాషా ఇటలీ క్యాసెట్టు

ఏందిరా సాయిబాబూ, ఫోన్లో చూసి అంతగా నవ్వుతాండావు? ఇటలీ సినిమానా? ఆ బూతు కామెడీలేనా? కట్టెయ్ నాయనా, వాటిని చూస్తే నాకు జిలానీ బాషా గుర్తొస్తాడు. మా రాయచోటి పక్కోడే. తొంభై ఆరులో ఈ కువైట్‌లోనే, షువైఖ్‌లో ఆరుగురం ఒకే రూములో ఉంటిమి. నాది గ్యారేజీ, వానిది హవల్లీలో వీడియో షాపు ఊడ్చే పని. శుక్రవారం వస్తే అట్లాంటి సినిమా క్యాసెట్టు ఒకటి చంకలో పెట్టుకోని వస్తాండె. ఇటలీ మాటలు మాకేం తెలుసు? టీవీ సౌండు తీసేసి వాడే తెలుగులో చెప్పేటోడు. మొగోని గొంతు, ఆడదాని గొంతు, తలుపు కిర్రుమనేది గూడా వాడే. "రా బావా, భయమెందుకు? మా ఆయన కువైట్ పోయినాడు, పదేండ్లదాకా రాడులే!" అంటాంటే కడుపులు పట్టుకోని నవ్వేటోళ్లం. మా రూములోని నరసింహులొక్కడే గోడ తట్టు తిరిగి, "థూ, మన ఇండ్లల్లో ఆడోళ్లు గూడా ఇట్లాంటోళ్లే అనుకుంటాండారేంరా?" అని తిట్టేటోడు. బాషా ఊరుకుంటాడా? "మా షాపుకొచ్చే ఈజిప్టు ఇస్కూలు అయివారు చెప్పినాడప్పా, ఈ సినిమాల్ని పేపరోళ్లు సగం మంది బూతని ఎత్తిపారేసినారంట, సగం మంది ఆ నవ్వు కింద పేదోని ఏడుపుండాదని రాసినారంట" అని వాదన. బూతో ఏడుపో, నాకైతే ఇప్పటికీ తెలీదు.

ఒక శుక్రవారం నా బుద్ధి గడ్డి తిని, వానికి తెలీకుండా ఆ మాటలన్నీ టేప్‌రికార్డర్లో పట్టినా. అప్పుడు జాబులెవరు రాసిరి, ఇంటికి మాటలు క్యాసెట్లోనే పంపేటోళ్లం. వాడు గూడా పెండ్లానికి, సుల్తాన్‌బీకి, ఒకటి మాట్లాడి, "చిన్నపుల్లయ్యన్నా, నరసింహులు లీవులో ఊరికి పోతాండాడు గదా, వానికియ్యి" అని డ్యూటీకి పాయె. వానిదీ, నేను పట్టిందీ రెండూ నా దిండు పక్కనే. పైన పేర్లు ల్యా. చేతికొచ్చింది ఇచ్చినా.

నెలకు జవాబు క్యాసెట్టొచ్చె.  సుల్తాన్‌బీ గొంతు, మెల్లగా. "వాకిట్లో అందరి ముందర పెట్టుకోని విన్నా. ఆరేండ్లు గడియేసుకోనే పండుకున్నా నేను. నువ్వు ఇంక రావాకు." అంతే. వాడు నా మొగం చూసి, "నేనేం తప్పు మాట్లాడినానన్నా?" అనె. అప్పుడే తెలిసిపాయె నాకు, క్యాసెట్టు మారిందని. చెప్పల్యా. చెప్తే కొడతాడని కాదురా, రూమంతా నన్ను ఎట్లా చూస్తాదో అని భయం. వాడు ఊరికి ఫోన్ చేస్తే ఆమె వచ్చి మాట్లాడలా. వాడు షాపు వదిలి కబ్ద్ ఎడారిలో మేకలు కాసేదానికి పాయె. మూడేండ్లకు గుండె ఆగె. ఈ ఇసకలోనే పెట్టినాం.

అసలు క్యాసెట్టు నా పెట్టెలో ఉండాది. ఒక్కసారి విన్నా. "రంజాన్‌కు వస్తాండా సుల్తానా, కువైట్ ఖలాస్, మళ్లీ పోను. ఆ తలుపు కిర్రుమంటాది గదా, నూనె పెట్టొద్దు, నేనొచ్చింది నీకు తెలియాల" అంటాండాడు.

ఆ ఏసీ తగ్గించురా. చలేస్తాండాది.