చెయ్యి మీది గీతలు

ఆపరేషన్‌కి ఇంకో గంట ఉంది. స్కానింగ్ గదిలో ఒక పెద్దావిడ వాచిన ఎడమ చెయ్యి దిండు మీద చాచింది. స్కాన్ చేసే అమ్మాయి ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి కుర్చీలో కూలబడింది.

"ఆంటీ, నిన్న నేను గీసిన గీతలేవి?"

"కడిగేశానమ్మా. అన్ని మరకలతో డాక్టరుగారి ముందు పడుకుంటే ఏమనుకుంటారు?"

"అది పోని ఇంకు కదా!"

"నిజమే, సబ్బుకి లొంగలేదు. తడిగుడ్డతో గంటసేపు రుద్దాను."

"నీరు లాగే నాళాలు ఈ చేతిలో మూడే మిగిలాయి ఆంటీ. వెంట్రుకంత సన్నం. అవెక్కడున్నాయో తెలిస్తేనే డాక్టరుగారు కోసేది."

"ఆరేళ్ళయిందమ్మా ఈ చెయ్యి జాకెట్లో దూరక. ఇప్పుడు ఆపరేషన్ ఆగిపోతుందా?"

"మళ్ళీ వెతుకుతాను. కదలకండి... ఇదిగో, ఒకటి. నొక్కినా అణగట్లేదు. రక్తనాళమైతే ఈపాటికి అణిగిపోయేది."

"మా ఆడపడుచు పోలిక."

"నవ్వించకండి, నా చెయ్యి ఊగుతోంది. రెండోదీ దొరికింది. మూడోదే... నిన్న దీనికే ముప్పావుగంట పట్టింది."

"మోచేతి కింద పుట్టుమచ్చ ఉందే, దానికి రెండు వేళ్ళు ఇవతల చూడు."

"మీకెలా తెలుసు?"

"అక్కడి గీతే ఎంతకీ పోలేదమ్మా. దానితోనే పావుగంట కుస్తీ పట్టాను."

"...ఉంది ఆంటీ. ఇక్కడే ఉంది."

"గీసేశావా? అయితే పైన ఏదైనా కట్టు కట్టెయ్యి తల్లీ. నన్ను నమ్మడానికి లేదు."