కొబ్బరికాయ కొట్టి ఎక్కించిన కొత్త సిస్టమ్

నాకు చేస్తున్న ఈ సన్మాన సభకు పెద్దగా కూర్చున్న మా స్టూడియో యజమాని కాశీవిశ్వనాథం గారికి, ఫిల్మ్‌నగర్ పెద్దలకు, పని మానుకుని వచ్చిన కృష్ణానగర్ దోస్తులకు మీ స్టూడియో పాత పనివాడు లక్ష్మయ్య దండాలు. ఏళ్లుగా కడుపులో పెట్టుకున్న మాట ముందు కక్కేస్తాను. ఏ సినిమా మొదలైనా 'లక్ష్మయ్య హస్తవాసి మంచిది' అని కొబ్బరికాయ నా చేతే కొట్టించారు. ఆడితే డైరెక్టర్ గొప్ప, పోతే నా చెయ్యి చెడ్డది. ఇదేం న్యాయమని ఒక్కరన్నా అడిగారా? (నవ్వులు) నవ్వండి సౌండ్ ఇంజనీరు జగదీశ్ సారూ, మీ ఫ్లాపులన్నీ మోసింది ఈ చెయ్యే.

మొన్న ఎడిటింగ్ గదిలో కంప్యూటర్లకు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిద్దామని దానికీ ముహూర్తం పెట్టి, సంతకం తప్ప రాయడం రాని నన్ను పిలిచి మీట నొక్కమన్నారు. ఎడిటర్ భావనమ్మ అడ్డం వచ్చింది.

"ఇప్పుడే వద్దండీ తాతగారూ. ఎక్కించుకున్నవాళ్లంతా రివ్యూల్లో తిడుతున్నారు. పాత ఫైళ్లు తెరుచుకోవట్లేదట."

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "గా రివ్యూలతోని మనకేం పని బిడ్డా? నా చెయ్యి పడ్డంక ఆగుతదా?" అని కొబ్బరికాయ కొట్టి నొక్కేశాను. మీరంతా చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఆమె కట్ చేసిన సినిమా తెరుచుకోలేదు. జగదీశ్ సారు ఫోన్లో రివ్యూలు చదివారు. 'ఇంటికి రంగులేసి తలుపులు పీకేశారు' అన్నాడట ఒకడు. 'పోస్టర్ అదిరింది, బొమ్మే లేదు' అన్నాడట ఇంకొకడు. (నవ్వులు) నేనూ ఇట్లాగే నవ్వాను. పాత సిస్టమ్ మళ్లీ ఎక్కించి పని అందుకునేసరికి విడుదల వాయిదా పడింది. నింద మాత్రం సిస్టమ్ మీద పడలేదు, నా మీదా పడలేదు. ముహూర్తం వేళ వద్దని అపశకునం పలికిందని భావనమ్మను ఆ సినిమా నుంచి తీసేశారు.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. నొక్కింది నేనని అనలేదు. నా హస్తవాసికి మచ్చ పడుతుందని నోరు మూసుకున్నాను. "వెళ్లొస్తాను తాతగారూ" అని నాకే చెప్పి పోయింది ఆ పిల్ల. ఇప్పుడు మీరు శాలువా కప్పుతుంటే ఒళ్లంతా సిగ్గుతో మండుతోంది.

వచ్చినవాళ్లందరికీ పేరుపేరునా దండం. కాశీవిశ్వనాథం గారూ, మీ ఉప్పు తిన్నాను, అందుకే నలుగురిలో అడుగుతున్నాను. వద్దన్నది ఆమె, నొక్కింది నేను, నొక్కమన్నది మీరు. భావనమ్మను పిలిచి ఆ సినిమా ఆమె చేతికిస్తారా, ఇవ్వరా? వచ్చే శుక్రవారంలోగా జవాబు చెప్పాలి. సెలవు.